పర్లాకిమిడి నుంచి డల్లాస్‌కి అసలు ఎన్ని గంటలు? 14,400 కిలోమీటర్ల లెక్క టికెట్‌తో ఎందుకు కలవదు

తమ్ముడూ, మీరు అడిగింది ఇది కదా, అక్క డల్లాస్‌లో ఉంది, జనవరిలో డెలివరీ, డిసెంబర్‌లో అమ్మగారినీ నాన్నగారినీ పంపాలి, ఇద్దరికీ విమానం ఇదే మొదటిసారి. గూగుల్లో కొడితే హైదరాబాద్ నుంచి డల్లాస్ 14,400 కిలోమీటర్లు అంటోంది, విమానం గంటకి 900 పోతుంది కాబట్టి 16 గంటల్లో దిగిపోవాలి అని మీరు లెక్కేశారు, ఒక ఏజెంట్ 23 గంటలు అన్నాడు, ఇంకొకాయన 28 అన్నాడు, టికెట్ మీద చూస్తే ఎక్కిన రోజే దిగుతున్నట్టు ఉంది, ఇందులో ఏది నిజం, పర్లాకిమిడి నుంచి వైజాగ్ వెళ్ళాలా భువనేశ్వర్ వెళ్ళాలా అని. నేను బరంపురంలో చాలా ఏళ్ళుగా టికెట్ల పనే చేస్తున్నాను, మన గంజాం, గజపతి, రాయగడ వాళ్ళ పెద్దవాళ్ళని అమెరికాకి, గల్ఫ్‌కి పంపడమే నా రోజువారీ పని, కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

మీకు వచ్చిన నెంబర్లు ఏవీ తప్పు కావు. 16 కరెక్టే, 23 కరెక్టే, 28 కూడా కరెక్టే. కానీ మీ అమ్మానాన్నల ప్రయాణం ఈ మూడింటిలో ఏదీ కాదు. వాళ్ళు మీ ఇంటి గుమ్మం దిగినప్పటి నుంచి అక్క ఇంట్లో కాలు పెట్టేదాకా 38 గంటల పైనే పడుతుంది, అందులో గాల్లో ఉండేది 21 గంటలే. మిగతా 17 గంటలు నేల మీదే, కార్లో, లైన్లో, కుర్చీలో. పెద్దవాళ్ళు అలిసిపోయేది, కంగారు పడేది, ఫ్లైట్ తప్పేది అన్నీ ఆ నేల మీది గంటల్లోనే. కాబట్టి కిలోమీటర్లు తక్కువ ఉన్న రూట్ కాదు, ఆ 17 గంటలు సాఫీగా గడిచే రూట్ చూడాలి. నేను చెప్పదల్చుకున్న అసలు సంగతి ఇదే.

ముందు కిలోమీటర్ల సంగతి. 14,400 అన్నది భూమి గుండ్రం మీద రెండు ఊళ్ళ మధ్య అతి దగ్గర దారి. గోడ మీది మ్యాప్ చూసి అందరూ అమెరికా అంటే పడమరకి, అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి వెళ్తారనుకుంటారు. పిల్లల గ్లోబు ఒకటి తీసుకుని హైదరాబాద్ మీద ఒక వేలు, డల్లాస్ మీద ఒక వేలు పెట్టి మధ్యలో దారం బిగించి లాగి చూడండి, దారం పడమరకి పోదు, దాదాపు నేరుగా ఉత్తరానికి పోతుంది, కాశ్మీర్ వైపు నుంచి మధ్య ఆసియా, సైబీరియా, ఆ పైన ఉత్తర ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దగ్గరగా వెళ్ళి అటువైపు కెనడా మీదుగా డల్లాస్‌కి దిగుతుంది. హైదరాబాద్, డల్లాస్ భూమికి దాదాపు ఎదురెదురు వైపుల్లో ఉన్నాయి, అందుకే పైనుంచి పోవడమే దగ్గర. మీ నాన్నగారికి సీటు ముందు స్క్రీన్ మీద విమానం మంచు సముద్రం మీద కనబడితే దారి తప్పిందేమో అని భయపడతారు, ముందే చెప్పి పంపండి, చాలామంది నన్ను తిరిగొచ్చాక అడిగే మొదటి ప్రశ్న అదే.

మరి ఆ దారిలో నేరుగా ఎందుకు పోరు అంటే, మొదటి కారణం అలాంటి ఫ్లైటే లేదు. చెయ్యలేక కాదు, సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్ల పైన నాన్‌స్టాప్‌గా పంతొమ్మిది గంటల దగ్గర నడుస్తోంది, దానికి ప్రత్యేకంగా చేయించిన ఎయిర్‌బస్ ఏ350 వాడుతున్నారు. మన హైదరాబాద్ నుంచి కూడా 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకి నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, 13,300 కిలోమీటర్ల దాకా ఉంటుంది అది, తర్వాత ఆపేశారు. ఇంత దూరం ఒకే దమ్ములో పోవాలంటే వంద టన్నుల పైన ఇంధనం మోసుకెళ్ళాలి, ఆ బరువుని మొయ్యడానికే మళ్ళీ బోలెడు ఇంధనం కాలుతుంది, సీట్లు ఎప్పుడూ నిండితే తప్ప గిట్టుబాటు కాదు. రెండో కారణం కొండలు. నేరు దారి కారాకోరం, దాని పక్క కొండల మీదుగా పోతుంది. విమానం లోపల గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే పది వేల అడుగుల ఎత్తుకి దించాలి, ఎందుకంటే నెత్తి మీద నుంచి జారే మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట చుట్టుపక్కలే వస్తుంది, ఆ కొండలేమో పది వేల అడుగుల కంటే చాలా ఎత్తు, దించడానికి చోటుండదు. అందుకని ఆ వైపు వీలైనంత వరకు తప్పించుకునే పోతారు.

ఇప్పుడు ఉన్న దారులు చూద్దాం, ఇక్కడే మీ ఇద్దరు ఏజెంట్ల తేడా తేలిపోతుంది.

దుబాయ్ మీదుగా అయితే హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డల్లాస్ 12,940, మొత్తం 15,490. అంటే నేరు దారి కంటే వెయ్యి కిలోమీటర్లు పైన ఎక్కువ. దోహా మీదుగా కూడా కాస్త అటూ ఇటూగా ఇంతే. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ మూడు గంటలు ఆగడం, మళ్ళీ పదహారు గంటలు, కలిపితే 23. మొదటి ఏజెంట్ చెప్పింది ఇది. ఢిల్లీ మీదుగా షికాగో వెళ్ళి అక్కడ మారే దారి చూడండి, హైదరాబాద్-ఢిల్లీ 1,260, ఢిల్లీ-షికాగో 12,000, షికాగో-డల్లాస్ 1,290, మొత్తం 14,550 చిల్లర, గూగుల్ నెంబర్‌కి ఇదే దగ్గర, దాదాపు నేరు దారి. అయినా గంటలు మాత్రం 28 అవుతాయి, ఎందుకంటే ఢిల్లీలో నాలుగు గంటలు, షికాగోలో ఇమ్మిగ్రేషన్, బ్యాగులు తీసుకోవడం, మళ్ళీ ఇవ్వడం, మళ్ళీ సెక్యూరిటీ, మరో నాలుగు గంటలు పోతాయి. రెండో ఆయన చెప్పింది ఇది. వెయ్యి కిలోమీటర్లు తక్కువ, ఐదు గంటలు ఎక్కువ, చూశారా. దానికి తోడు 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన దేశం విమానాలకి మూసేసింది, దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే మన ఫ్లైట్లు దక్షిణంగా చుట్టు తిరిగి, కొన్నిసార్లు యూరప్‌లో ఇంధనం కోసం దిగి వెళ్ళాల్సి వచ్చింది. మ్యాప్ మీద దూరం మారలేదు, ప్రయాణం గంటలు మాత్రం పెరిగాయి.

మూడో దారి లండన్ మీదుగా, హైదరాబాద్ నుంచి లండన్ 7,750, లండన్ నుంచి డల్లాస్ 7,620, సుమారు 15,370. రెండు ముక్కలూ దాదాపు సమానం, ఒక్కోటి పది పదిన్నర గంటలు. మోకాళ్ళ నొప్పులు, నడుం నొప్పి ఉన్న వాళ్ళకి నేను ఇదే చెప్తాను, ఒకేసారి పదహారు గంటలు కూచోవడం కంటే పదీ పదీ చేసి మధ్యలో నాలుగడుగులు వేస్తే శరీరానికి తెరిపి. పదకొండో గంట నుంచి పదహారో గంట దాకా ఉండే ఆ ఐదు గంటలే పెద్దవాళ్ళకి బాగా కష్టం, నిద్ర అయిపోయి ఉంటుంది, కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టవు, టీ అడగడానికి కూడా మొహమాటపడతారు. యూరప్ మీదుగా వెళ్తే ట్రాన్సిట్ వీసా గొడవ ఉంటుందేమో అని మీరు అనుకోవచ్చు, పాస్‌పోర్ట్‌లో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట్ల ఎయిర్‌పోర్ట్ లోపలే ఫ్లైట్ మారడానికి మన వాళ్ళకి వేరే వీసా అక్కర్లేదు, అయినా రూల్స్ మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేముందు ఆ ఎయిర్‌లైన్ వాళ్ళని ఒకసారి అడిగి తేల్చుకోండి.

ఇక స్పీడ్. 900 అన్నది పైకెళ్ళి నిలకడగా పోతున్నప్పటి స్పీడ్. దుబాయ్-డల్లాస్ 12,940ని 900తో భాగిస్తే పద్నాలుగున్నర గంటల లోపే, మరి టికెట్ మీద పదహారు ఎందుకు అంటే టికెట్ మీద టైమ్ తలుపు వేసి గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్క, రన్‌వే దాకా మెల్లగా పోవడం, వరసలో ఆగడం, పైకెక్కడం, దిగేముందు చుట్టు తిరగడం అన్నీ అందులోనే. పైగా గాలి. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి పెద్ద గాలి వీస్తుంది, జెట్ స్ట్రీమ్ అంటారు, చలికాలంలో ఇంకా బలం. వెళ్ళేటప్పుడు చాలా దారి ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, అందుకే డల్లాస్ నుంచి దుబాయ్ పదిహేను గంటల లోపే వచ్చేస్తారు. వెళ్ళడానికి, రావడానికి ఒకే టైమ్ పడుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇప్పుడు మిమ్మల్ని బాగా తికమక పెట్టిన సంగతి, ఎక్కిన రోజే దిగడం. ఒక నమూనా టికెట్ తీసుకుందాం. మంగళవారం తెల్లవారుజామున 4:30కి హైదరాబాద్‌లో ఎక్కారు. నాలుగు గంటల ప్రయాణం, మన టైమ్ ఉదయం 8:30, కానీ దుబాయ్ మన కంటే గంటన్నర వెనక కాబట్టి టికెట్ మీద 7:00 అని ఉంటుంది. అక్కడ 10:00కి మళ్ళీ ఎక్కారు. పదహారు గంటల తర్వాత డల్లాస్‌లో దిగితే అక్కడ టైమ్ సాయంత్రం 4:00, అదే మంగళవారం. 4:30 నుంచి 16:00 దాకా తీసేస్తే పదకొండున్నర గంటలే కనబడుతుంది, దానికి రెండు ఊళ్ళ తేడా ఇంకో పదకొండున్నర కలపండి, 23 వచ్చింది కదా. డల్లాస్ చలికాలంలో మన కంటే పదకొండున్నర గంటలు వెనక, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా వాళ్ళు గడియారం ఒక గంట ముందుకి జరుపుతారు, అప్పుడు తేడా పదిన్నరే. ఏ టికెట్ అయినా సరే ఇలా రెండు టైములూ మన టైమ్‌లోకి మార్చి చూసుకోండి, లేదా టికెట్‌లో మొత్తం ప్రయాణ సమయం అని విడిగా వేసే గంటలు చూడండి, ఎక్కే టైమ్ దిగే టైమ్ చూసి తీసివేత చెయ్యొద్దు.

తిరిగొచ్చేటప్పుడు ఇది తిరగబడుతుంది. అమ్మగారు వాళ్ళు మేలో వస్తారనుకుందాం, మంగళవారం రాత్రి 8:00కి డల్లాస్‌లో ఎక్కితే, అప్పటికే మనకి బుధవారం ఉదయం 6:30, దుబాయ్‌లో ఆగడంతో కలిపి ఇరవయ్యొకటింపావు గంటలు, హైదరాబాద్‌లో దిగేది గురువారం తెల్లవారుజామున 3:45. ఎక్కింది మంగళవారం, దిగేది గురువారం. బుధవారమే కారు మాట్లాడేసి ఎయిర్‌పోర్ట్ బయట రాత్రంతా కాపలా కాసిన వాళ్ళని నేను చూశాను, పాపం ఫోన్లు కలవక ఏమైపోయారో అని ఇంట్లో ఆడవాళ్ళు ఏడుపులు. అలాగే గల్ఫ్ ఫ్లైట్లు చాలావరకు అర్ధరాత్రి దాటాక ఉంటాయి, టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉంటే 14వ తేదీ రాత్రి భోజనం చేసి బయల్దేరాలి, 15 రాత్రి వెళ్తే ఫ్లైట్ ఎగిరి రోజైపోయి ఉంటుంది. దీనికి డబ్బులు వెనక్కి రావడం కూడా కష్టం. కాలెండర్ మీద 14 దగ్గర పెద్దగా రాసి పెట్టండి, ఫోన్‌లో రిమైండర్ ఒక్కటే పెట్టుకుని ఊరుకోవద్దు.

ఇక మన వైపు. పర్లాకిమిడి నుంచి వైజాగ్ నూట డెబ్బై కిలోమీటర్ల దాకా, మహేంద్రతనయ దాటి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం, అక్కడి నుంచి హైవే, నాలుగు గంటలు వేసుకోండి. భువనేశ్వర్ మూడొందలకి దగ్గర, బరంపురం దాకా ఉన్న ఆ ఘాటీ రోడ్డు పెద్దవాళ్ళకి తిప్పుతుంది. కాబట్టి మీకు వైజాగే దగ్గర, బరంపురం, ఛత్రపురం వాళ్ళయితే నేను భువనేశ్వర్ చూడమంటాను, గుణుపురం, రాయగడ వాళ్ళకి కూడా వైజాగే. భువనేశ్వర్ నుంచి దుబాయ్‌కి 2023 మేలో ఇండిగో నేరు ఫ్లైట్ మొదలుపెట్టింది, అది దొరికి, అవతల డల్లాస్ ఫ్లైట్ కూడా అదే టికెట్‌లో కలిసొస్తే మంచిదే, విడివిడి టికెట్లయితే మాత్రం వద్దు, ఎందుకో ఇప్పుడు చెప్తాను.

వైజాగ్ నుంచి హైదరాబాద్, హైదరాబాద్ నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి డల్లాస్ మూడూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే మొదటి ఫ్లైట్ లేటయి రెండోది తప్పితే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది, బ్యాగులు కూడా వైజాగ్‌లో ఇస్తే డల్లాస్‌లోనే తీసుకోవచ్చు. విడిగా కొంటే నాలుగైదు వేలు మిగులుతాయేమో గాని వైజాగ్ ఫ్లైట్ పొగమంచుకో తుఫానుకో రెండు గంటలు ఆగితే అమెరికా టికెట్ మొత్తం పోతుంది, ఎవరూ పలకరు. టెక్కలి వైపు ఒక పెద్దాయనకి ఇలాగే జరిగింది, కొడుకు చవగ్గా దొరికాయని రెండు టికెట్లు విడిగా తీశాడు, మొదటి ఫ్లైట్ లేటు, ఆయన హైదరాబాద్‌లో కౌంటర్ దగ్గరికి చేరేసరికి కౌంటర్ మూసేసి నలభై నిమిషాలు, చేతిలో పచ్చళ్ళ డబ్బాల అట్టపెట్టె పట్టుకుని ఎవరిని అడగాలో తెలీక అక్కడే కూచుండిపోయాడు. మళ్ళీ కొత్త టికెట్ కొని పంపాల్సి వచ్చింది.

ఒకే టికెట్ దొరక్కపోతే, లేదా బాగా ఖరీదుంటే, నా సలహా ఒక రోజు ముందే హైదరాబాద్ చేరిపొమ్మని. పలాస నుంచి ఫలక్‌నుమా ఎక్కినా, బరంపురం నుంచి కోణార్క్ ఎక్కినా సికింద్రాబాద్‌లో దిగుతారు, మన వైపు వాళ్ళకి హైదరాబాద్‌లో చుట్టాలు లేని ఇల్లు ఉండదు, ఒక పూట పడుకుని స్నానం చేసి అన్నం తిని స్థిమితంగా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తే ఆ తర్వాతి 23 గంటలు తేలిగ్గా గడుస్తాయి. నేను లెక్క చెప్పిన 38 గంటలు ఏకబిగిన చేసే కంటే ఇది ఎంతో నయం. ఇంకోటి, హైదరాబాద్‌లో దేశం లోపలి ఫ్లైట్లూ విదేశాల ఫ్లైట్లూ ఒకే బిల్డింగ్, పైకి కిందకి మారితే చాలు. ఢిల్లీలో అలా కాదు, దిగేది ఒక టెర్మినల్, ఎక్కేది ఇంకో టెర్మినల్ అయితే బయటికొచ్చి బస్సు పట్టుకుని కొన్ని కిలోమీటర్లు పోవాలి, హిందీ ధైర్యంగా మాట్లాడే వాళ్ళకి ఫర్వాలేదు, మొదటిసారి వెళ్ళే పెద్దవాళ్ళకి ఆ పరీక్ష ఎందుకు.

మధ్యలో ఆగే టైమ్ మీ అమ్మానాన్నలకి మూడు గంటల నుంచి ఐదు గంటల మధ్య ఉండేలా చూడండి. గంటన్నర చాలని వెబ్‌సైట్ టికెట్ ఇచ్చేస్తుంది, కుర్రాళ్ళకి చాలు, దుబాయ్, దోహా లాంటి చోట్ల గేట్ల మధ్య నడకే చాలా దూరం, మళ్ళీ సెక్యూరిటీ ఉంటుంది. టికెట్ తీసేటప్పుడే ఇద్దరికీ వీల్‌చెయిర్ పెట్టించండి, దానికి డబ్బులు తీసుకోరు. నాన్నగారు నాకెందుకు నేను నడవగలను అంటారు, అందరూ అంటారు, నడక కోసం కాదు, దారి చూపించే మనిషి తోడుంటాడని చెప్పి ఒప్పించండి, గేటు మారినా, బోర్డు చదవలేకపోయినా ఆ మనిషే తీసుకెళ్తాడు.

అమెరికాలో మొదట ఏ ఊళ్ళో దిగితే అక్కడే ఇమ్మిగ్రేషన్, అక్కడే బ్యాగులు తీసుకోవాలి. దుబాయ్, దోహా, లండన్ నుంచి నేరుగా డల్లాస్ అయితే ఆ తంతు డల్లాస్‌లోనే అయిపోతుంది, బయటికొస్తే అక్కాబావలు ఎదురుగా ఉంటారు. షికాగోలోనో న్యూయార్క్‌లోనో మారేలా ఉంటే ఆ పని వేరే ఊళ్ళో, మనవాళ్ళెవరూ లేని చోట, ఇంకో ఫ్లైట్ టైమ్ తరుముతుండగా చెయ్యాలి. అందుకే పెద్దవాళ్ళకి ఆఖరి ఫ్లైట్ ఎప్పుడూ దిగాల్సిన ఊరికే నేరుగా ఉండాలని నేను పట్టుబడతాను, వెయ్యి కిలోమీటర్లు చుట్టయినా సరే. అక్క అడ్రసు, ఫోన్ నెంబరు, రిటర్న్ టికెట్ కాగితం మీద రాసి అమ్మగారి హ్యాండ్ బ్యాగులో ఒకటి, నాన్నగారి జేబులో ఒకటి. ఆఫీసర్ ఏం అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి, కూతురి దగ్గరికి వచ్చాం, ఇన్ని నెలలుంటాం అని, ఇంగ్లీషు రాకపోతే తెలుగు అని చెప్తే చాలు, తెలుగు చెప్పే మనిషిని ఫోన్‌లోనైనా కలుపుతారు.

ఒంటి సంగతి. నాలుగు గంటలు మించి కదలకుండా కూచుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, పదహారు గంటలంటే చెప్పక్కర్లేదు. నడవ పక్క సీటు తీసుకోండి, రెండు గంటలకోసారి లేచి వెనకదాకా నడిచి రమ్మనండి, బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు మన ఆడవాళ్ళు, అది మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. నాన్నగారికి షుగర్ ఉండి ఇన్సులిన్ వేసుకుంటుంటే, వెళ్ళేటప్పుడు ఆయన రోజు పదకొండున్నర గంటలు పొడుగైపోతుంది, ఇంజెక్షన్ ఎప్పుడు ఎంత వేసుకోవాలో డాక్టర్‌ని ముందే అడిగి రాయించుకోవాలి, ఇది ఎవరికి వారు ఊహించుకునే పని కాదు. చేతి గడియారం దిగేదాకా మన టైమ్‌లోనే ఉంచమనండి, బీపీ మాత్రలాంటివి దాని ప్రకారం వేసుకుంటారు. నిద్ర సర్దుకోవడానికి రోజుకి ఒక గంట చొప్పున లెక్క, పది పన్నెండు రోజులు పడుతుంది, తిరిగొచ్చాక ఇంకా కష్టం, కాబట్టి డెలివరీకి కనీసం రెండు వారాల ముందు అక్కడ ఉండేలా తేదీ వేసుకోండి, లేకపోతే బాలింతకి సాయం చెయ్యాల్సిన అమ్మగారే పగలు పడుకుని రాత్రి మేలుకుంటారు.

సామాను గురించి అన్నీ చెప్పను గాని ఒకటి మాత్రం తప్పకుండా వినండి. బాలింత వంటకి, కూరల్లోకి అని మనవాళ్ళు గసగసాలు కడతారు, మన వైపు ఒడియా వాళ్ళ పొస్తొ అలవాటు కూడా ఉంది కదా. దుబాయ్, అబుదాబి మీదుగా వెళ్తుంటే గసగసాలు ఒక్క చెంచా కూడా వద్దు, ఆ దేశంలో అవి నిషేధం, మత్తుపదార్థాల కేసు కింద పోతుంది. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులకి కూడా అక్కడ కట్టడి ఉంది, నాన్నగారి మాత్రల్లో అలాంటివి ఉన్నాయేమో డాక్టర్‌కి చూపించి, చీటీ ఇంగ్లీషులో రాయించి, మాత్రలు స్ట్రిప్పుల్లోనే చేతి సంచిలో పెట్టండి. కందిపొడి, కరివేపాకు పొడి, సున్నిపిండి పెద్ద బ్యాగులో వెయ్యండి, అమెరికా ఫ్లైట్‌కి చేతి సంచిలో పొడులు ఎక్కువుంటే ఆపి విప్పదీస్తారు. ఆవకాయ కూడా పెద్ద బ్యాగులోనే.

టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉండాలి. మన దగ్గర ఒక అన్నకి ఇంటిపేరు ముందు, తమ్ముడికి ఒడిశా స్కూలు రికార్డు ప్రకారం వెనక, ఇలా ఒకే ఇంట్లో రెండు రకాలుగా ఉంటుంది, ఊహించి నింపకుండా పాస్‌పోర్ట్ ఎదురుగా పెట్టుకుని చూసి రాయండి.

చివరిగా రూట్ ఏదైనా బయల్దేరే మూడు రోజుల ముందు నుంచి రోజూ ఫ్లైట్ స్టేటస్ చూడండి. 2025 జూన్ 23 సాయంత్రం దోహా ఆకాశం కొన్ని గంటలు మూసేస్తే ఎక్కడెక్కడి ఫ్లైట్లో దారి మళ్ళి వేరే ఊళ్ళలో దిగాయి, అలాంటప్పుడు ఒకే టికెట్ ఉన్నవాళ్ళకి ఎయిర్‌లైనే వేరే ఫ్లైట్ చూస్తుంది. అందుకే బుకింగ్‌లో కాంటాక్ట్ నెంబర్ ఏజెంట్‌ది కాకుండా మీది, అక్కది వెయ్యించండి, టైమ్ మారితే మెసేజ్ నేరుగా మీకే రావాలి. మీకు దొరికిన రెండు మూడు టికెట్ల టైములు ఇక్కడ పెట్టండి, పేర్లు, పీఎన్‌ఆర్ నెంబర్లు తీసేసి, ఆగే టైమ్, మారే ఊరు చూసి ఏది తీసుకోవాలో చెప్తాను.